ఏడో వైరు

మార్చి 6, సోమవారం

మధ్యాహ్నం పోయిన కరెంటు నాలుగింటికి వచ్చింది. ఫ్రిజ్ లేచింది, ఫ్యాను లేచింది, లాప్‌టాప్ కూడా లేచింది. వీధి నెట్ మాత్రం లేవలేదు.

అయిదు నిమిషాలు కాకముందే కింది వాటా సియోమారా మొదలుపెట్టింది. "ఒనెలియో! ఓ ఒనెలియో! గది తెరుచుకోవట్లేదయ్యా!" ఆమె మెట్లెక్కదు, ఆమె గొంతు ఎక్కుతుంది. బాల్కనీలోకి వెళ్ళి, మా ఆయనకు నడుం పట్టేసిందని, లేచాక చూస్తాడని చెప్పాను.

"ఇంకా అదే నడుమా? నెల్లాళ్ళ నుంచీ అదే నడుం! నా సీరియల్ అయిపోయాక పట్టుకోమనవే ఆ నడుమేదో!"

ఒనెలియో దీవికి వెళ్ళిన సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని తనే అన్నాడు. ఉత్తరపు దీవుల్లో కొత్త హోటలుకు కరెంటు పని, రెండు నెలలు, మహా అయితే మూడు. "నేను ఊళ్ళో లేనని తెలిసిందా, స్విచ్ పెట్టె విప్పి పక్కింటి రిగోబెర్తో ఇంట్లో బిగిస్తారు. మళ్ళీ మనింటికి రాదు" అన్నాడు. నిజమే. మా నడవ గోడకున్న ఆ పెట్టెలోంచే ఎనిమిది వైర్లు డాబాల మీదుగా ముప్ఫై ఇళ్ళకు పోతాయి. పెట్టె ఎవరింట్లో ఉంటే వీధి వాళ్ళ మాట వింటుంది. తను ఒక్కో గజం వైరు లాగి కట్టుకున్న వీధి ఇది. రెండు నెలలు నేను కాపలా కాయలేనా?

పెద్ద కంప్యూటర్ దీవికి తీసుకెళ్ళాడు, సాయంత్రాలు తోచదని. అంతవరకు అందులో నడిచే గదిని ఈ పాత లాప్‌టాప్‌లోకి మార్చిపెట్టాడు. అందరూ కబుర్లాడుకునేదీ, సీరియళ్ళు, పాటలు పంచుకునేదీ ఆ గదిలోనే. "దీన్ని ముట్టుకోకు. దానంతట అదే నడుస్తుంది" అన్నాడు.

నేను ముట్టుకోలేదు. కరెంటు ముట్టుకుంది.

మార్చి 7, మంగళవారం

చేసినవన్నీ ఇక్కడ రాసిపెడతాను. రేపు మళ్ళీ పోతే వెతుక్కోనక్కర్లేదు.

లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. పైన మూలన రెండు బాణాల బొమ్మ నొక్కితే కనెక్షన్ సెట్టింగులు తెరుచుకుంటాయి. కరెంటు పోయినప్పుడు తను పెట్టినవి చెరిగిపోయినట్టున్నాయి, అక్కడ "ఆటోమేటిక్" అని ఉంది. అంటే నంబరు ఎవరో ఇస్తారని యంత్రం చేతులు కట్టుకుని కూచుంటుంది. మా వీధిలో అలా ఇచ్చే యంత్రం లేదు. ఒనెలియో పెట్టలేదు. కొత్త ఇల్లు ఏదైనా సరే పెట్టె ఉన్న ఇంటికి వచ్చి నంబరు అడగాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. తనంతట తాను నంబరు రాసుకున్నవాణ్ణి వీధిలోంచి తీసేస్తారు. అడిగినవాళ్ళకు లేదనడం కూడా కుదరదు, పగవాడైనా సరే. అది కట్టుబాటు.

కాబట్టి "మాన్యువల్". నాలుగు గళ్ళు వచ్చాయి. గది నంబరు వీధి మొత్తానికి కంఠతా వచ్చు: 10.21.4.2. అందరి యంత్రాలూ గది కోసం ఆ నంబరునే వెతుకుతాయి. గేట్‌వే అంటే మిగతా పేటలకు దారి, డాబా మీది యాంటెన్నా పెట్టె, 10.21.4.1. మాస్క్ అనే గడి దగ్గర ఆగిపోయాను. 255 నాలుగుసార్లు అనుకున్నట్టు గుర్తు. నాలుగుసార్లే కొట్టాను.

లాప్‌టాప్‌కి వీధిలో ఒక్క ఇల్లూ కనిపించలేదు. తనొక్కటే ఉన్నాననుకుంటోంది.

మార్చి 8, బుధవారం

మహిళా దినోత్సవం. తను ఫోన్ చేశాడు. ఇంటికి వచ్చాక పూలు తెస్తానన్నాడు. గొంతు దగ్గరగా వినిపించింది, కొత్త హోటల్లో ఫోన్లు మంచివి కాబోలు. తింటున్నావా అంటే తింటున్నానన్నాడు. వెనకాల కత్తులు నూరేవాడి పిల్లనగ్రోవి వినిపించింది. దీవుల్లో కూడా కత్తులు నూరేవాళ్ళు తిరుగుతారన్నమాట.

నెట్ పోయిందని చెప్పలేదు. మాస్క్ సంగతి మాత్రం ఊరికే అడిగినట్టు అడిగాను. "చివరిది సున్నా. నీకెందుకు?" అన్నాడు. దుమ్ము దులుపుతుంటే కనిపించిందన్నాను.

ఫోన్ పెట్టేసిన కాసేపటికి కత్తులు నూరేవాడు మన వీధిలోకీ వచ్చాడు. రెండు కత్తులు, కత్తెర ఇచ్చాను. బాగా నూరాడు.

మార్చి 9, గురువారం

255.255.255.0. వీధి మొత్తం ఆ సున్నాలో ఉందట. మార్చాక ఊరికే వదిలేస్తే చాలదు, కనెక్షన్ ఒకసారి ఆపి మళ్ళీ కలపాలి. ఆపాను, కలిపాను.

గది తెరుచుకుంది!

ఆదేశాలు కొట్టే నల్ల కిటికీలో యాంటెన్నా పెట్టెను పలకరిస్తే వెంటవెంటనే బదులు పలికింది. చూస్తూ చాలాసేపు కూచున్నాను. బీన్స్ అడుగంటాయి.

గదిలోకి ఒక్కొక్కరే వచ్చారు. "మాస్టారు బతికే ఉన్నారోయ్!" "ఒనెలియోకి జై!" ఈ లాప్‌టాప్‌లో రాస్తే తన పేరే పడుతుంది. నేను "చూశాను. సరిచేశాను." అని రాశాను. తను అంతే రాస్తాడు, పలకరింపులుండవు. నడుం ఎలా ఉందని ఎవరో అడిగారు. "నెరెయిదా బాగా చూసుకుంటోంది" అని రాశాను.

అలా రాయకుండా ఉండాల్సింది. తను రాయడు.

మార్చి 11, శనివారం

రొట్టెల వరుసలో సియోమారా నా వెనకే నిలబడింది.

"మీ ఆయన నిన్న సాయంత్రం ఇక్కడే కనిపించాడే. చంకలో రొట్టె పెట్టుకుని చకచకా పోతున్నాడు. పిలిస్తే చెయ్యూపాడు. నడుం బాగైనట్టేగా?"

"కొంచెం నయం" అన్నాను.

ఆమెకు కళ్ళు మసకలు. అద్దాలు పెట్టుకోదు, వయసు తెలిసిపోతుందని. మా లాటన్ పేట ఏటవాలు వీధుల్లో సాయంత్రం ఎండ ఎదురుకొడితే ఎవరు ఎవరిలాగైనా కనిపిస్తారు.

మార్చి 13, సోమవారం

సాయంత్రం ఆరు దాటగానే గది ఆగిపోయింది. నేనేమీ మార్చలేదు. రాసినవన్నీ ఒక్కొక్కటే సరిచూశాను, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కాసేపటికి తెర మీద వాక్యం ఒకటి వచ్చింది: ఈ చిరునామాను మరో యంత్రం వాడుతోంది.

ఆపి కలిపాను. రెండు నిమిషాలు నడిచింది, పోయింది. మళ్ళీ కలిపాను, మళ్ళీ పోయింది. కింద సియోమారా మూకుడు మీద గరిటెతో కొట్టడం మొదలుపెట్టింది.

మార్చి 14, మంగళవారం

రిగోబెర్తో పక్క డాబా మీద యాంటెన్నా బిగిస్తున్నాడు. పిట్టగోడ దగ్గరికి వెళ్ళి, ఒనెలియో అడగమన్నాడన్నాను. ఒకే నంబరు రెండు యంత్రాలకు ఉంటే ఏం చెయ్యాలట?

నోట్లోంచి స్క్రూ తీసి నా వంక చూశాడు. "ఒనెలియోనే అడిగాడా?"

"అవును."

"నాకు ఆ పాఠం చెప్పిన ఒనెలియోనా?"

"నడుం నొప్పికి మాత్రలు వేసుకుంటున్నాడు. వాటికి మతిమరుపు వస్తోంది."

"అబ్బో! అవేం మాత్రలో నాకూ రెండు తెచ్చివ్వమ్మాయ్. మా ఆవిణ్ణి మరిచిపోతాను."

తర్వాత చెప్పాడు. "ఒకే ఇంటి నంబరు రెండు గుమ్మాల మీద రాసుందనుకో, పోస్టుమాన్ ఏం చేస్తాడు? కాసేపు ఈ గుమ్మం, కాసేపు ఆ గుమ్మం. చివరికి సంచీ కాలవలో పారేసి ఇంటికి పోతాడు."

"ఆ రెండో గుమ్మం ఎవరిదో తెలిసేదెలా?"

"పెట్టెలోంచి ఒక్కో వైరే పీకాలి. ఏది పీకితే గొడవ ఆగుతుందో దాని మీద ఉంటాడు." స్క్రూ మళ్ళీ నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఒనెలియోకి చెప్పు, పీకకపోయినా పర్లేదని. ఒక్కోసారి అదే సర్దుకుంటుంది."

సర్దుకుంటే మంచిదే. కానీ నాకు ఊరికే కూచునే అలవాటు లేదు.

మార్చి 15, బుధవారం

వైర్లు పీకేముందు ఇంకో దారి ఉందేమో చూద్దామనుకున్నాను. సాయంత్రం తెర మీద ఆ వాక్యం రాగానే లాప్‌టాప్‌కి తాత్కాలికంగా వేరే నంబరు ఇచ్చాను, 10.21.4.90. ఆ తర్వాత గది నంబరు పట్టుకున్న ఆ యంత్రాన్ని నీ పేరేమిటని అడిగాను. అలా అడగడానికి నల్ల కిటికీలో ఒక మాట ఉంది.

పేరు వచ్చింది. తినహోన్.

కమగ్వేయ్‌లో వాననీళ్ళు పట్టుకునే మట్టి బాన పేరది, మనిషి దాక్కునేంత పెద్దది. ఒనెలియో సొంతూరు కమగ్వేయ్. పెద్ద కంప్యూటర్ కొన్నరోజున దాని ఆకారం చూసి నవ్వి, ఆ పేరు తనే పెట్టాడు.

ఇంకొకటి కూడా రాయాలి. నేను నంబరు వదలగానే గది హాయిగా తెరుచుకుంది. పెద్ద కంప్యూటర్లో పాత గది అలాగే ఉంది కదా. అందరూ అందులోకి వెళ్ళిపోయారు, తేడా ఎవరికీ తెలియలేదు. సియోమారా గరిటె కూడా ఆగిపోయింది.

వెంటనే గది నంబరు మళ్ళీ తీసుకున్నాను. గది కూలిపోయింది.

తను దాన్ని అమ్మేసి ఉంటాడు. దీవిలో పెట్టుకునే చోటు ఉండి ఉండదు, వెళ్ళేముందే ఇక్కడెవరికో అమ్మి ఉంటాడు. నాకు చెబితే వద్దంటానని చెప్పలేదు. కొన్నవాళ్ళకు నంబరు మార్చడం తెలియదు. అంతే.

మార్చి 16, గురువారం

అమ్మితే పేరు మార్చడూ?

కొన్నవాళ్ళకు తెలియదు. అంతే.

మార్చి 17, శుక్రవారం

నీళ్ళు రాలేదు. నానబెట్టిన బట్టలు ఉతక్కుండా అలాగే ఉంచాను. రెండుసార్లు పెట్టె దగ్గరికి వెళ్ళి వచ్చాను. వైర్ల దుమ్ము తుడిచాను.

మార్చి 18, శనివారం

ఆరున్నరకు వాక్యం వచ్చింది, గది వస్తూ పోతూ ఉంది. పెట్టె కింద ముక్కాలిపీట వేసుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.

ఒకటో వైరు పీకాను. వాక్యం పోలేదు. ఎదురింటి డాబా మీంచి "ఒరేయ్, గోల్ పడబోతోందిరా!" అని కేక. పెట్టేశాను. రెండోది పీకాను. "పాట సగంలో ఆపావేంటయ్యా!" పెట్టేశాను. మూడోది మా సొంత మెట్ల వైపుది, సియోమారా ఏమందో ఇక్కడ రాయను. నాలుగు, అయిదు, ఆరు. వీధి వీధంతా ఒనెలియోని తిడుతోంది. వాళ్ళ అమ్మనూ తిట్టారు, ఆవిడ పోయి పదేళ్ళయినా.

ఏడో వైరు పీకాను. వాక్యం పోయింది.

పెట్టాను. వచ్చింది. పీకాను. పోయింది. ఎన్నిసార్లు చేశానో.

ఎనిమిదోది కూడా పీకి చూశాను. పని సగంలో వదలకూడదు.

మార్చి 19, ఆదివారం

ఏడో వైరు మా డాబా మీంచి సైకిల్ బాగుచేసే షెడ్డు దాటి డొలోరెస్ వీధి గులాబీరంగు ఇంటికి పోతుంది. ఆ ఇంట్లో మూడు వాటాలు. కింద చెవిటి ముసలమ్మ, ఆమెకు మనవరాలి ఫోటోలు గదిలోనే వస్తాయి. మధ్యలో ఒక బడి మాస్టరు కుటుంబం. పై వాటాలో బెల్కిస్, ఆడవాళ్ళకు గోళ్ళు రంగులు వేసి బొమ్మలు గీస్తుంది. సియోమారా డిసెంబరులో అక్కడే గీయించుకుంది.

ఆ పై వాటాకు మేం నంబరు ఇచ్చినట్టు గుర్తు లేదు.

కంప్యూటర్ కొన్నది మాస్టరే అయి ఉంటాడు. చదువుకున్నవాడు.

మార్చి 20, సోమవారం

మాస్టరు ఇంట్లో కంప్యూటరే లేదు. టీవీ ఉంది.

ఒక అంతస్తు ఎక్కి తలుపు కొట్టాను. బెల్కిస్ ఒక చేతికి రంగు వేసుకుని, ఇంకో చేత్తో తలుపు తీసింది. నలభై ఉంటాయేమో. నన్ను చూసి రంగు చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ఒనెలియో పంపాడు" అన్నాను. "మీ వైరు చూసి రమ్మని."

"ఒనెలియో... పంపారా?"

"అవును. తనకు నడుం బాగోలేదు."

ఆమె పక్కకు జరిగి "లోపలికి రండి నెరెయిదా గారూ" అంది. ఆమెకు నా పేరెవరు చెప్పారని నేను అడగలేదు.

పెద్ద కంప్యూటర్ కిటికీ పక్క బల్ల మీద ఉంది. దాని మీద అల్లిక గుడ్డ కప్పారు. అలా కప్పితే వేడెక్కుతుంది, నేనెప్పుడూ కప్పలేదు. వెనక వైరు చూశాను. పిన్ను పెట్టేచోటుకు జానెడు ముందు వైరును ముడి వేసి ఉంది, ఎవరి కాలైనా తగిలినా ఊడిరాకుండా. అలా ముడి వేసే మనిషి మా వీధిలో ఒక్కడే. మా ఇంట్లో వైర్లన్నీ అలాగే ఉంటాయి. కొన వేళ్ళతో నొక్కి చూశాను. గట్టిగా ఉంది.

"వైరు బాగానే ఉంది" అన్నాను.

"కాఫీ పెడతాను, కూచోండి."

కూచున్నాను. ఎందుకు కూచున్నానో. కాఫీలో పంచదార ఎక్కువైంది. ఆమె ఎదురుగా నిలబడి గోళ్ళు ఊదుకుంటూ, ఊదడం ఆపి, అంది: "ఆయన మీకు చెప్తానన్నారండీ. ఒట్టు. ఆదివారం వెళ్ళి చెప్తానన్నారు."

"ఏ ఆదివారం?"

"ప్రతి ఆదివారం."

ఇద్దరికీ నవ్వు రాబోయింది. రాలేదు.

"గోళ్ళ మీది బొమ్మలు గదిలో దొరుకుతాయని నేనే కలపమన్నానండీ, పోయిన సోమవారం" అంది. "ఆయన వద్దన్నారు. నేనే పట్టుబట్టాను. ఇంత గొడవవుతుందని నాకు తెలీదు. రోజూ ఏదో వాక్యం వస్తోంది, ఆయన దాన్ని చూసి మాట్లాడకుండా కూచుంటున్నారు."

"మీ ఇంట్లో యంత్రం చూసేవాళ్ళకు చెప్పండి" అన్నాను. "ఆ నంబరు వేరేవాళ్ళదని. మార్చుకోమనండి."

కప్పు కడిగి పెట్టి వచ్చాను. ఆమె వద్దంటూనే ఉంది.

మార్చి 21, మంగళవారం

సియోమారా కళ్ళకు ఏమీ కాలేదు. తను దీవికి వెళ్ళాడని నేను అందరికీ చెప్పి ఉంటే ఆ రోజు వరుసలోనే ఆమె అడిగేది: దీవిలో ఉన్నవాడు ఇక్కడ రొట్టె ఎలా కొంటున్నాడే అని. నేను ఇంట్లోనే ఉన్నాడన్నాను. ఇంట్లో ఉన్న మనిషి వీధిలో కనిపిస్తే వింతేముంది? అందుకే చెప్పొద్దన్నాడు. నా అబద్ధం మీద తన అబద్ధం కాళ్ళు చాపుకుని పడుకుంది.

స్విచ్ పెట్టె కోసమని కూడా అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. రెండూ నిజం కాకూడదని ఏముంది?

సాయంత్రం వాక్యం వచ్చింది. మార్చలేదు.

మార్చి 22, బుధవారం

మార్చలేదు.

అదే వాక్యం తన తెర మీద కూడా వస్తుంది. ఇటువైపు ఉన్నది నేనేనని ఇప్పుడు తనకు తెలుసు, బెల్కిస్ చెప్పకుండా ఉండదు. నంబరు మార్చడం తనకు అర నిమిషం పని. కళ్ళు మూసుకుని చేస్తాడు. మనసు విరిగిపోయినవాడైతే ఈపాటికి మార్చేవాడు కాదూ?

మార్చి 23, గురువారం

ఒక్కసారి ఏడో వైరు పీకి వదిలేశాను. ప్రాణం హాయిగా ఉంది. అరగంటకు గులాబీ ఇంటి కింది వాటా ముసలమ్మ మా మెట్లెక్కి వచ్చింది, ఆయాసపడుతూ. మనవరాలి ఫోటో సగమే వచ్చిందట, ముక్కు దాకా. "పిల్ల ఎవరి పోలికో తెలియట్లేదమ్మా" అంది. చెవిటిది, గట్టిగా అరుస్తోంది. వైరు పెట్టేశాను.

నంబరు నేను వదిలేస్తే గొడవ ఇప్పుడే తీరుతుంది. కానీ వదిలిన మరుక్షణం గది ఆ ఇంట్లో తెరుచుకుంటుంది. వీధి అంతా ఆ ఇంటి చుట్టూ తిరుగుతుంది. పెట్టె ఇక్కడుంటుంది, ఇల్లు అక్కడుంటుంది.

వదలను.

మార్చి 24, శుక్రవారం

ఎనిమిది గంటలకు తను యంత్రం ఆపాడు. గది లేచింది. తొమ్మిదికి మళ్ళీ పెట్టాడు. పడిపోయింది. నేను కూడా ఆపి చూశాను. గది లేచింది, అటువైపుది. మళ్ళీ పెట్టాను.

ఇరవై ఆరేళ్ళలో ఇంతసేపు ఒకరినొకరం పట్టించుకున్నది ఎప్పుడో గుర్తు రాలేదు.

మార్చి 25, శనివారం

రిగోబెర్తో వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి టోపీ తీశాడు.

"అమ్మాయ్, పన్నెండు రోజుల నుంచీ వీధికి సరిగా నెట్ లేదు. పై పేటల వాళ్ళు అడుగుతున్నారు. సోమవారానికి సరికాకపోతే పెట్టె మా ఇంటికి మార్చమన్నారు. నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో గోడే లేదు, అన్నీ అల్మారాలు."

"ఒనెలియోకి చెప్తాను."

"చెప్పు." పడకగది తలుపు వంక చూసి, నేలవంక చూశాడు. "లోపల పడుకున్నాడు కదా, వినే ఉంటాడులే."

అంతే అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఏ మాటకో తెలియలేదు.

మార్చి 26, ఆదివారం

పొద్దున బీన్స్, అన్నం కలిపి వండాను. యుకా దుంపలు ఉడికించి వెల్లుల్లి తాలింపు వేశాను. ఎక్కువ వండలేదు, ఎప్పటిలాగే ఇద్దరికి.

ఎవరూ రాలేదు. గుమ్మం కడిగాను. మెట్లు కూడా కడిగాను, మా వంతు కాకపోయినా.

ఆరింటికి లాప్‌టాప్ ముందు కూచున్నాను. ఆరున్నర అయింది. వాక్యం రాలేదు. గదిలోకి జనం వస్తున్నారు, నిలబడుతున్నారు, పాటలు పంచుకుంటున్నారు. తను యంత్రం పెట్టలేదేమో అనుకున్నాను. బయటికి వెళ్ళి ఉంటాడు. ఇటే వస్తూ ఉంటాడు. లేచి బాల్కనీలోంచి వీధి కొసదాకా చూసి వచ్చాను.

వచ్చేసరికి నాకు ఉత్తరం ఉంది. గదిలో అందరికీ కాదు, విడిగా. ఈ లాప్‌టాప్‌లో ఉన్న పేరుకు, అంటే ఒనెలియో పేరుకు.

"డొలోరెస్ వీధి, గులాబీ ఇల్లు, పై వాటా. కొత్త ఇల్లు. నంబరు కావాలి. దయచేసి."

పంపిన యంత్రం తినహోన్. ఈ నాలుగు మాటలు పంపడానికి ఏదో ఖాళీ నంబరు తాత్కాలికంగా పెట్టుకున్నాడు. పలకరింపు లేదు. కానీ ఈ వీధిలో ఎవరికీ, ఎప్పుడూ, "దయచేసి" అని తను రాయగా నేను చూడలేదు.

ఆదివారం చెప్తానన్నాడట. చెప్పాడు.

"ఇంటికి రా" అని కొట్టాను. చెరిపేశాను. "అన్నం ఉంది" అని కొట్టాను. చెరిపేశాను. "ఇరవై ఆరేళ్ళు" అని కొట్టి, దాని తర్వాత ఏం రాయాలో తెలియక చెరిపేశాను. నంబరు లేదని రాయొచ్చు. కట్టుబాటు ఒప్పుకోదు, అడిగినవాళ్ళకు లేదనకూడదు. ఆ కట్టుబాటు పెట్టినవాడే అడుగుతున్నాడు.

ఏ నంబర్లు ఖాళీగా ఉన్నాయో చూశాను. నలభై ఏడు ఎవరికీ లేదు. రెండుసార్లు పలకరించి చూశాను, బదులు రాలేదు. అప్పుడు రాశాను:

"10.21.4.47. మాస్క్ 255.255.255.0. గేట్‌వే 10.21.4.1. మార్చాక కనెక్షన్ ఆపి మళ్ళీ కలపండి. ఈ నంబరు ఇంకెవరికీ ఇవ్వకండి."

తనకు ఇవన్నీ తెలుసు. అయినా కొత్త ఇంటికి అన్నీ రాయాలి. చివర పేరు పెట్టాలా వద్దా అని ఆలోచించి, నెరెయిదా అని పెట్టి పంపాను.

కొంచెంసేపటికి నలభై ఏడును పలకరించాను. బదులు వచ్చింది. పేరడిగాను. తినహోన్. గది నంబరు మీద నా లాప్‌టాప్ ఒక్కటే ఉంది. ఇక ఎంతసేపు చూసినా ఆ వాక్యం రాదు.

నెట్ ఇంత బాగా ఎప్పుడూ నడవలేదు. వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఏం చెయ్యడానికి వెళ్ళానో గుర్తు రాలేదు. నీళ్ళు తాగాను. మళ్ళీ వచ్చి కూచున్నాను, మళ్ళీ లేచాను.

కింద నుంచి కేక వచ్చింది. "ఒనెలియో! నీ నడుం చల్లగుండా, గది బాగైందయ్యా!" డాబాల మీంచి ఇంకెవరో చప్పట్లు కొట్టారు.

బాల్కనీలోకి వెళ్ళాను. సియోమారా మెడ ఎత్తి చూస్తోంది. పక్క డాబా మీద రిగోబెర్తో ఉన్నాడు.

"ఒనెలియో ఇక్కడ లేడు" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఫిబ్రవరి నుంచీ లేడు. డొలోరెస్ వీధిలో ఉంటున్నాడు, బెల్కిస్ ఇంట్లో. నంబరు నలభై ఏడు. గది బాగుచేసింది నేను."

రిగోబెర్తో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

సియోమారా నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఆ సంగతి సరేగానీ నెరెయిదా" అంది, మామూలు గొంతుతోనే. "గది తెరుచుకుంది కానీ సీరియల్ సగంలో ఆగి తిరుగుతోందే. అది కూడా నువ్వే చూడాలన్నమాట?"

"నేనే."

"అయితే దిగిరా మరి. తలుపు తీసే ఉంది."

దిగి వెళ్ళాను. ఆమె కంప్యూటర్లో గేట్‌వే గడిలో చివరి అంకె ఒకటికి బదులు ఏడు ఉంది. సరిచేసి, ఆపి, మళ్ళీ కలిపాను. సీరియల్ మొదలైంది. కూచోమంది. ఆ భాగం అయ్యేదాకా కూచున్నాను.